ఫాస్ఫైట్‌తో మొదటి మెటల్ కాంప్లెక్స్: బాటిల్ మూత తీసే ముందు నుంచి ఎన్ఎమ్ఆర్ ట్యూబ్ దాకా

ఫాస్ఫీన్‌లు, ఫాస్ఫైట్‌లు రెండూ ఫాస్ఫరస్‌తో మెటల్‌ని పట్టుకునే అణువులు, అంటే లిగాండ్లు; అలా పట్టుకుంటే ఏర్పడేదే కాంప్లెక్స్. ఫాస్ఫీన్‌లో ఫాస్ఫరస్‌కి కార్బన్ గ్రూపులు నేరుగా ఉంటాయి, ఫాస్ఫైట్‌లో మధ్యలో ఆక్సిజన్ ఉంటుంది. ఫాస్ఫీన్‌లతో అలవాటుపడి ఫాస్ఫైట్‌ల దగ్గరికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకే తప్పు చేస్తారు. గాలి తగలకుండా నానా తంటాలు పడతారు, నీళ్ల సంగతి మర్చిపోతారు. నేనూ అదే చేశాను. పీహెచ్‌డీ మొదటి ఏడాది, మంచి వానాకాలం, ల్యాబ్‌లో ఎవరో ఎప్పుడో తెరిచి పెట్టిన ట్రైఇథైల్ ఫాస్ఫైట్ బాటిల్ ఒకటి దొరికింది, కంపు గట్టిగానే కొడుతోంది కాబట్టి మందు బాగానే ఉందనుకున్నా. కాపర్ అయొడైడ్‌తో కలిపి రాత్రంతా తిప్పాను. పొద్దున వచ్చి చూస్తే పొడిలో చాలా భాగం అలాగే అడుగున కూర్చుని ఉంది. కాపర్ సాల్ట్‌ని అనుమానించాను, టోలీన్‌ని అనుమానించాను, చివరికి నైట్రోజన్ సిలిండర్‌ని కూడా వదల్లేదు. వారం పోయాక బాటిల్లోంచి రెండు చుక్కలు తీసి ఎన్ఎమ్ఆర్‌కి (పరమాణువుల పరిసరాలని పీకులుగా చూపే పరీక్ష) ఇస్తే అప్పుడు తెలిసింది, 139 పీపీఎం (పీక్ స్థానాన్ని చెప్పే కొలత) దగ్గర నిటారుగా నిలబడాల్సిన పీక్ బక్కచిక్కి ఉంది, 7 దగ్గర ఇంకొకటి దానికి రెండింతలు ఎత్తున ఉంది. బాటిల్లో సగానికి పైగా ఫాస్ఫైట్ కానే కాదు.

అందుకే ఇక్కడ మెటల్ కంటే బాటిల్ గురించే ఎక్కువ చెబుతాను. ఫాస్ఫైట్‌తో చేసే పని పాడైతే నూటికి తొంభై సార్లు అది ఫ్లాస్క్‌లోకి రాకముందే పాడై ఉంటుందని నా గట్టి నమ్మకం.

ముందు పేర్ల గొడవ తేల్చుకోండి

ఇంటర్‌లో ఫాస్ఫరస్ యాసిడ్‌లో మూడు హైడ్రోజన్లు ఉన్నా బేసిసిటీ రెండే ఎందుకు అని అడిగేవాళ్లు గుర్తుందా? మూడో హైడ్రోజన్ ఆక్సిజన్ మీద కాకుండా నేరుగా ఫాస్ఫరస్ మీదే ఉంటుంది కాబట్టి. ఆ పాత బిట్ క్వశ్చనే ఇప్పుడు పనికొస్తుంది. ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌లో ఫాస్ఫరస్ చుట్టూ మూడు ఇథాక్సీ గ్రూపులు, పైన ఒక లోన్ పెయిర్ (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జంట) ఉంటాయి, మెటల్‌కి కావాల్సింది ఆ లోన్ పెయిరే. నీళ్లు తగిలి ఒక ఇథాక్సీ గ్రూపు ఆల్కహాల్‌గా ఊడిపోతే మిగిలినది అలా ఊరుకోదు, హైడ్రోజన్ వచ్చి ఫాస్ఫరస్ మీద కూర్చుంటుంది, పక్కనే ఫాస్ఫరస్‌కి ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఏర్పడుతుంది. లోన్ పెయిర్ ఖర్చయిపోయింది. ఇక అది మామూలుగా మన కాపర్‌ని పట్టుకోదు.

తమాషా ఏమిటంటే ఈ పాడైన సరుకునే కెమికల్ కంపెనీలు డైఇథైల్ ఫాస్ఫైట్ అనే పేరుతో అమ్ముతాయి. వేరే రియాక్షన్లకి అది మంచి మందే, కానీ లిగాండ్ కావాలని పొరపాటున దాన్ని ఆర్డర్ పెట్టినవాళ్లని ఇద్దరిని చూశాను. బిల్లు మీద "ట్రై" ఉందో "డై" ఉందో రెండుసార్లు చదవండి. పొలంలో తెగుళ్లకి కొట్టే పొటాషియం ఫాస్ఫైట్ కూడా మన పనికి రాదు, అది ఫాస్ఫరస్ యాసిడ్ ఉప్పు.

ఇంకో మాట, ట్రైమిథైల్, ట్రైఇథైల్ ఫాస్ఫైట్లు రెండూ రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మూడో షెడ్యూల్లో ఉన్నాయి. దేనికి వాడతారో రాసిమ్మని సప్లయర్ అడిగితే కంగారు పడకండి, గైడ్ సంతకంతో కాగితం ఇవ్వండి, ల్యాబ్ రిజిస్టర్‌లో ఎంత వచ్చిందో ఎంత వాడారో రాసుకోండి. ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కి ఈ తలనొప్పి లేదు.

ఏ ఫాస్ఫైట్, ఏ మెటల్

ఫాస్ఫైట్ ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకునే రకం. లోన్ పెయిర్‌ని మెటల్‌కి కొంచెం పిసినారితనంగానే ఇస్తుంది, మెటల్ దగ్గర ఉన్న డి ఎలక్ట్రాన్లని మాత్రం బాగా లాక్కుంటుంది. మూడు ఆక్సిజన్లూ ఫాస్ఫరస్‌లోంచి ఎలక్ట్రాన్ సాంద్రతని గుంజుతుంటాయి కదా, ఆ లోటు అది మెటల్ దగ్గర పూడ్చుకుంటుంది. కాబట్టి ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న మెటల్ కావాలి: జీరో స్థితిలో నికెల్, పల్లాడియం, ప్లస్ వన్‌లో కాపర్, రోడియం. ఐరన్ ప్లస్ త్రీ, క్రోమియం ప్లస్ త్రీ లాంటివాటి దగ్గర లాక్కోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, అక్కడ ఫాస్ఫైట్‌తో కుస్తీ పట్టడం దండగ.

దీనికి అంకెలు కావాలంటే చాడ్ టోల్మన్ పట్టిక చూడండి. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తూ 1970లో ఆయనొక కొలత పెట్టాడు. నికెల్ మీద మూడు కార్బన్ మోనాక్సైడ్లు, నాలుగో చోట మనకి కావాల్సిన లిగాండ్, అలాంటి కాంప్లెక్స్‌కి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రం తీసి కార్బొనిల్ పీక్ ఎక్కడ పడుతుందో చూడటం. ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌కి 2069, ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌కి 2076, ట్రైమిథైల్‌కి దాదాపు 2080, ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కి 2085 వేవ్ నంబర్లు. అంకె పెరిగేకొద్దీ లిగాండ్ ఎక్కువ గుంజుతోందని అర్థం, ఎందుకంటే మెటల్ దగ్గర కార్బొనిల్‌కి ఇవ్వడానికి మిగిలేది తగ్గిపోతోంది. ఈ ప్రయోగం మీరు చేయకండి, నికెల్ కార్బొనిల్ 43 డిగ్రీలకే మరిగే భయంకరమైన విషం. ఆయన కొలిచి పెట్టాడు, మనం పట్టిక చదువుకుంటే చాలు.

రెండో అంకె కోన్ యాంగిల్, అంటే మెటల్ వైపు నుంచి చూస్తే లిగాండ్ ఎంత చోటు ఆక్రమిస్తుందో. ట్రైమిథైల్ ఫాస్ఫైట్ 107 డిగ్రీలు, ట్రైఇథైల్ 109, ట్రైఫినైల్ ఫాస్ఫైట్ 128, ట్రైఫినైల్ ఫాస్ఫీన్ 145. చూడండి, ఒకే ఫినైల్ గ్రూపులైనా మధ్యలో ఆక్సిజన్ ఉండటంతో అవి వెనక్కి వంగి మెటల్‌కి ఊపిరాడనిస్తాయి. ఈ తేడా కాగితం మీది ముచ్చట అనుకోకండి. నైలాన్ 66 కోసం బ్యూటాడైన్‌కి హైడ్రోజన్ సయనైడ్ కలిపే డ్యూపాంట్ ప్రాసెస్ నడిచేది నికెల్, ఆరైల్ ఫాస్ఫైట్ కాంప్లెక్సులతోనే. అక్కడ ఫినైల్ మీద ఆర్థో స్థానంలో ఒక మిథైల్ తగిలిస్తే కోన్ యాంగిల్ 141కి పోతుంది, నాలుగు లిగాండ్లు ఇరుక్కోలేక ఒకటి సులువుగా ఊడిపోతుంది, ఖాళీ అయిన చోట రియాక్షన్ జరుగుతుంది. అదే ట్రైఇథైల్ ఫాస్ఫైట్ నాలుగూ నికెల్‌ని పట్టుకుంటే సొల్యూషన్‌లో ఊడటం లేదనే అనుకోవచ్చు, అంత గట్టిగా ఉంటాయి.

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా కాపర్ అయొడైడ్, ట్రైఇథైల్ ఫాస్ఫైట్. చౌక, గ్లవ్ బాక్స్ అక్కర్లేదు, అన్నిటికన్నా ముఖ్యం రియాక్షన్ అవుతోందో లేదో కంటికి కనిపిస్తుంది.

బాటిల్ పరీక్ష: ఇది మాత్రం దాటేయకండి

ఫ్యూమ్ హుడ్‌లో బాటిల్ తెరిచి రెండు చుక్కలు డ్యూటరేటెడ్ బెంజీన్‌లోకి తీసి ఫాస్ఫరస్-31 ఎన్ఎమ్ఆర్‌కి ఇవ్వండి. క్లోరోఫామ్ కూడా పనిచేస్తుంది, కాకపోతే పాత డ్యూటరేటెడ్ క్లోరోఫామ్‌లో యాసిడ్ జాడలు ఉంటాయి, ఫాస్ఫైట్‌కి యాసిడ్ అంటే చెడ్డ చిరాకు, ట్యూబ్‌లోనే హైడ్రాలిసిస్ మొదలై లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. 139 దగ్గర ఒక్క పీక్ ఉంటే మంచి సరుకు. 7 దగ్గర కనిపిస్తే నీళ్లు తగిలాయి. సున్నాకి కాస్త అటువైపు, మైనస్ 1 దగ్గర ఉంటే గాలికి ఆక్సీకరణ చెంది ఫాస్ఫేట్ అయింది. ట్రైఫినైల్ ఫాస్ఫైట్ అయితే మంచి పీక్ 128 దగ్గర, ఫాస్ఫేట్ మైనస్ 17, 18 దగ్గర పడతాయి.

మీ కాలేజీలో ఫాస్ఫరస్ ప్రోబ్ లేదా? మామూలు ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్ చాలు, అదెలాగో చెబుతాను, చాలామందికి ఇది తట్టదు. పాడైన దాంట్లో హైడ్రోజన్ నేరుగా ఫాస్ఫరస్ మీద ఉందని చెప్పా కదా, ఆ రెంటి మధ్య కప్లింగ్, అంటే ఒకదాని పీక్‌ని ఇంకోటి చీల్చే దూరం, దాదాపు 690 హెర్ట్జ్. అంటే 400 మెగాహెర్ట్జ్ మెషీన్ మీద 6.8 పీపీఎం దగ్గర ఉండాల్సిన ఒక్క పీక్ నిట్టనిలువునా చీలి ఒక ముక్క 5.9 దగ్గర, ఇంకో ముక్క 7.7 దగ్గర పడుతుంది. ఒంటరిగా, ఒకదానికొకటి సంబంధం లేనట్టు నిలబడి ఉంటాయి, ఏదో సాల్వెంట్ మురికిలే అనుకుని వదిలేస్తారు. క్లోరోఫామ్ పీక్ 7.26 ఆ రెంటి మధ్యలో ఉంటుంది, దానికి అటూ ఇటూ చూడండి. ఆ రెండూ కలిపి ఇంటిగ్రేషన్ వేస్తే ఎంత శాతం పాడైందో కూడా లెక్క తేలుతుంది.

ఒకటి రెండు శాతం ఉంటే మొదటి ప్రయత్నానికి నడిచిపోతుంది. పది దాటితే కొత్త బాటిల్ తెప్పించుకోండి, డిస్టిల్ చేసి బాగుచేద్దామనే పట్టుదల మొదటిసారి చేసేవాళ్లకి వద్దు.

కాపర్ అయొడైడ్ సంగతి

బాటిల్లో ఉన్నది తెల్లగా ఉందా, లేత గోధుమ రంగులో ఉందా చూడండి. గోధుమ రంగు అంటే అయొడిన్ విడిపడింది. బాగుచేయడం సులువు. చిక్కటి పొటాషియం అయొడైడ్ ద్రావణంలో వేసి వేడి చేస్తే కరుగుతుంది, కరగని మురికిని వడకట్టి ఆ ద్రావణాన్ని చల్లార్చి ఎక్కువ నీళ్లలో పోస్తే తెల్లటి పొడిగా మళ్లీ దిగుతుంది. నీళ్లతో, తర్వాత ఇథనాల్‌తో, చివర ఈథర్‌తో కడిగి చీకట్లో వాక్యూమ్ కింద బాగా ఆరబెట్టండి. "బాగా" అంటే రాత్రంతా. నీళ్లతో కడిగిన పొడిని అరగంట ఆరబెట్టి ఫాస్ఫైట్‌లో వేస్తే ఇంతసేపూ చెప్పినదంతా గంగలో కలిసినట్టే.

ఇప్పుడు రియాక్షన్

గొట్టాలు, ఫ్లాస్క్, మ్యాగ్నెటిక్ బీడ్ అన్నీ ఓవెన్‌లో ఆరినవి ఉండాలి. 100 మి.లీ. ఆర్‌బీ ఫ్లాస్క్‌లో 2.10 గ్రాముల కాపర్ అయొడైడ్ (11 మిల్లీమోల్స్) వేసి సెప్టమ్ (సూది దిగే రబ్బరు మూత) బిగించి, వాక్యూమ్, నైట్రోజన్ మూడుసార్లు మార్చండి. ష్లెంక్ లైన్ (వాక్యూమ్, నైట్రోజన్ మార్చి మార్చి ఇచ్చే గొట్టాల అమరిక) లేకపోతే బెలూన్‌తో కూడా అవుతుంది. డ్రై టోలీన్ 25 మి.లీ. సిరంజితో పోసి తిప్పండి. బూడిద తెలుపు పొడి టోలీన్‌లో కరగదు, సున్నపు నీళ్లలా మబ్బుగా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు ట్రైఇథైల్ ఫాస్ఫైట్ 1.71 మి.లీ., అంటే 1.66 గ్రాములు, 10 మిల్లీమోల్స్, గది ఉష్ణోగ్రతలోనే చుక్కచుక్కగా వేయండి. ఈ చోట ఒక్క నిమిషం ఫ్లాస్క్‌నే చూస్తూ నిలబడండి, ఫోన్ పక్కన పెట్టండి. చుక్క పడిన చోట మబ్బు కాస్త విచ్చుకుంటుంది, మళ్లీ కమ్ముకుంటుంది. ఇంకొన్ని చుక్కలు పడేసరికి ఫ్లాస్క్ అవతల వైపున ఉన్న హుడ్ గీతలు మసకగా కనిపించడం మొదలవుతుంది. అంతా వేశాక గంటో రెండు గంటలో తిప్పితే ద్రావణం తేటపడి అడుగున కొంచెం పొడి మాత్రం మిగులుతుంది. ఆ మిగిలేది మనం కావాలని ఎక్కువ వేసిన ఒక మిల్లీమోల్ కాపర్ అయొడైడ్.

ఎందుకు ఎక్కువ వేశాం? ఫాస్ఫైట్ ఎక్కువైతే కాపర్ ఒకదాంతో ఆగదు, రెండు, మూడు పట్టుకుంటుంది, అప్పుడు స్ఫటికాల బదులు జిగట నూనె వచ్చి మీ ప్రాణం తీస్తుంది. కాపర్ అయొడైడ్ ఎక్కువైతే వడకట్టేస్తే పోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ఈ కాంప్లెక్స్‌ని చాలామంది ఎజైడ్‌నీ ఆల్కైన్‌నీ అతికించే క్లిక్ రియాక్షన్‌కి వాడతారు, టోలీన్‌లో కరిగే కాపర్ వన్ కావాలంటే ఇది చాలా హాయి. అక్కడ విడి ఫాస్ఫైట్ మిగిలి ఉంటే అది ఎజైడ్ మీద పడి నైట్రోజన్ బుడగలు వదులుతూ దాన్ని తినేస్తుంది. క్లిక్ యీల్డ్ తక్కువ వచ్చిందని కాపర్‌ని తిట్టుకునేవాళ్లు ఒకసారి ఇటు కూడా చూడాలి.

వేడి చేస్తే త్వరగా అవుతుంది కదా అని ఆత్రపడొద్దు. అసలు మెటల్ హాలైడ్‌నీ ఫాస్ఫైట్‌నీ కలిపి గట్టిగా కాచితే అర్బుజోవ్ తరహా రియాక్షన్ మొదలై ఇథైల్ గ్రూపు హాలోజన్ వైపు వెళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. కాపర్ అయొడైడ్‌కి గది ఉష్ణోగ్రతే సరిపోతుంది. కరగకపోతే మంట పెంచకండి, బాటిల్ పరీక్ష మళ్లీ చూడండి.

వడకట్టడం, ఆరబెట్టడం

సెలైట్ (వడపోత పొడి) మీద త్వరగా వడకట్టి, రోటాలో (రోటరీ ఎవాపొరేటర్) టోలీన్ లాగేయండి, బాత్ 40 డిగ్రీలు దాటనివ్వకండి. రంగులేని చిక్కటి ద్రవంలా వచ్చి చల్లబడుతుంటే స్ఫటికాలు కట్టాలి. కట్టకపోతే గాజు కడ్డీతో ఫ్లాస్క్ గోడ గీకండి, పాత చిట్కానే కానీ పనిచేస్తుంది. చల్లటి హెక్సేన్ కొద్దిగా పోసి కడిగి వాక్యూమ్‌లో ఆరబెట్టండి. పూర్తిగా వస్తే 3.57 గ్రాములు రావాలి. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే సంబరపడకండి, టోలీన్ ఉండిపోయింది.

పచ్చగానో నీలంగానో ఛాయ కనిపిస్తే కాపర్ టూ చేరిందని లెక్క. వెలుతురుకి కూడా మెల్లగా రంగు మారుతుంది కాబట్టి వయల్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

వచ్చింది అదేనా?

ఇక్కడ కొత్తవాళ్లకి టెన్షన్ పెట్టే విషయం ఒకటుంది. ఫాస్ఫరస్ ఎన్ఎమ్ఆర్ తీస్తే పుస్తకంలోలా సూదిలాంటి పీక్ రాదు, వెడల్పుగా, బద్ధకంగా పడుకున్న గుట్టలా వస్తుంది. తప్పు చేశామని కాంప్లెక్స్ పారేసినవాళ్లు ఉన్నారు. కాపర్‌లో సహజంగా ఉండే రెండు ఐసోటోపులూ, 63, 65, రెండింటికీ స్పిన్ 3/2, క్వాడ్రపోల్ (కేంద్రకంలో ఆవేశం గుండ్రంగా పరుచుకోకపోవడం) ఉంది, పక్కనున్న ఫాస్ఫరస్ పీక్‌ని అవి వెడల్పు చేస్తాయి. పైగా కాపర్ వన్ మీద ఫాస్ఫైట్లు ఒక చోట కుదురుగా ఉండవు, ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, మనకి కనిపించేది వాటి సగటు. కాబట్టి మీరు చూడాల్సినవి రెండే: 139 దగ్గర సన్నటి పీక్ మాయమైందా, దాని చోటు మారి వెడల్పాటి పీక్ వచ్చిందా. 7 దగ్గర ఏమీ లేకపోతే ఇంకా మంచిది.

అసలు రుజువు ఎలిమెంటల్ అనాలిసిస్. ఒకటికి ఒకటి నిష్పత్తిలో ఉంటే కార్బన్ 20.2 శాతం, హైడ్రోజన్ 4.2 శాతం రావాలి. కార్బన్ బాగా పెరిగితే రెండో ఫాస్ఫైట్ ఎక్కిందో, టోలీన్ పోలేదో అని అర్థం. టోలీన్ అయితే ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్‌లో 2.3 దగ్గర మిథైల్ పీక్ దొంగలా పట్టుబడుతుంది. స్ఫటికం మంచిది దొరికితే ఎక్స్-రేకి ఇవ్వండి, ఇలాంటి ఒకటికి ఒకటి కాపర్ అయొడైడ్ కాంప్లెక్సుల్లో నాలుగు కాపర్లు, నాలుగు అయొడిన్లు ఒక డబ్బా మూలల్లో మార్చి మార్చి కూర్చునే ఆకారం తరచూ కనిపిస్తుంది. చూడ్డానికి బావుంటుంది, థీసిస్‌లో బొమ్మ వేసుకోవచ్చు.

ఎన్ఎమ్ఆర్‌లో అందంగా కనిపించాలంటే రోడియం, ప్లాటినం వైపు వెళ్లాలి. రోడియం అంతా ఒకే ఐసోటోపు, స్పిన్ సగం, కాబట్టి ఫాస్ఫరస్ పీక్ శుభ్రంగా రెండుగా చీలుతుంది, ఆ చీలిక ఫాస్ఫీన్‌లో కంటే ఫాస్ఫైట్‌లో ఎక్కువ, 200 హెర్ట్జ్ దాటడం మామూలే. ప్లాటినంలో మూడో వంతు మాత్రమే స్పిన్ ఉన్న ఐసోటోపు కాబట్టి మధ్యలో పెద్ద పీక్, అటూ ఇటూ చిన్న పీకులు వస్తాయి. కానీ ఆ సాల్ట్‌ల ధరలు చూశాక, ముందు కాపర్ మీద చెయ్యి తిరగనివ్వండి అనే అంటాను.

రెండో మెట్టుగా నికెల్ చేయాలనుకుంటే ఒక చిన్న సూచన. నికెల్ క్లోరైడ్‌ని మిథనాల్‌లో ట్రైఇథైల్ ఫాస్ఫైట్‌తో కలిపి డైఇథైల్ అమీన్ వేస్తే, జీరో స్థితి నికెల్ చుట్టూ నాలుగు ఫాస్ఫైట్లున్న తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. విడిగా రెడ్యూసింగ్ ఏజెంట్ ఏదీ అక్కర్లేదు, ఐదో ఫాస్ఫైట్ తానే ఫాస్ఫేట్‌గా మారి నికెల్‌ని కిందికి దించుతుంది. అందుకే అక్కడ నాలుగు ఈక్వివలెంట్లు సరిపోవు, ఐదుకి తగ్గకూడదు.

కంపు, కడగడం

సిరంజి, నీడిల్, వడకట్టిన గొట్టాలు హుడ్ బయటికి తేకండి. తెస్తే మీ గైడ్ కంటే ముందు పక్క ల్యాబ్ వాళ్లు వస్తారు. హుడ్‌లోనే ఒక బీకర్‌లో పలచటి బ్లీచ్ పెట్టుకుని అందులో నానబెట్టండి, మిగిలిన ఫాస్ఫైట్ ఫాస్ఫేట్‌గా మారిపోయి వాసన పోతుంది. చుక్కలు, పూతలకే ఈ పద్ధతి, మిగిలిపోయిన మి.లీ.ల కొద్దీ ఫాస్ఫైట్‌ని బ్లీచ్‌లో పోస్తే విపరీతంగా వేడెక్కుతుంది, దాన్ని ఆర్గానిక్ వేస్ట్ డబ్బాలో విడిగా పేరు రాసి పెట్టండి. బ్లీచ్‌లోకి ఎసిటోన్‌తో కడిగిన గ్లాస్‌వేర్ దించకండి, యాసిడ్ అసలే వద్దు.

బాటిల్‌ని ఒకేచోట ఉంచి పదిసార్లు తెరిచే బదులు, కొన్న రోజే నైట్రోజన్ కింద 5 మి.లీ. చొప్పున ఆరిన వయల్స్‌లోకి పంచి, పారాఫిల్మ్ చుట్టి, తేదీ వేసి పెట్టుకోండి. ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌కైతే ఇంకో చికాకు, అది 22 నుంచి 24 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి ఏసీ గదిలోనో చలికాలం పొద్దున్నో గడ్డకట్టి, మధ్యాహ్నానికి మళ్లీ ద్రవమై కనిపిస్తుంది. అది పాడవడం కాదు, గోరువెచ్చటి నీళ్లలో వయల్ ఉంచితే చాలు, మూత మాత్రం గట్టిగా బిగించి ఉంచండి, నీళ్ల పక్కనే ఉంది మరి.